ఎవరో పాడుచేసిన గుర్రపు దళం

మనిషిగా ఆంబ్రోస్ టౌల్ మంచివాడే. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఇంగ్లండులో న్యూఆర్క్ నుంచి నాటింగ్‌హామ్‌కి బస్సు నడిపాడు. పరుగెత్తుకొస్తున్న ముసలమ్మని వదిలేసి తలుపు వేసిన పాపాన ఏనాడూ పోలేదు. కానీ బొటనవేలంత సీసపు సిపాయి బొమ్మ మీద కోటు రంగు గీత దాటి బెల్టు మీదికి వచ్చిందా, అతనిలోని జాలి అంతా ఆవిరైపోతుంది. ఆ రంగు వేసినవాడు బడిపిల్లాడైనా సరే, చర్చి పాదిరీ అయినా సరే, వదలడు.

ఆదివారాలు చర్చి హాల్లో కలిసే వాళ్ళ క్లబ్బులో అందరికీ ఉన్న జబ్బే ఇది, ఆంబ్రోస్‌కి కాస్త ముదిరిందంతే. పాతకాలపు యుద్ధాల్ని బల్ల మీద మళ్ళీ ఆడుకోవడం వాళ్ళ పని. ఆకుపచ్చ గుడ్డ పరిచి, కొండలూ కంచెలూ పెట్టి, సైన్యాలు నిలబెట్టి, కొలబద్దతో కొలిచి నడిపించి, పాచికలు వేసి ఒకళ్ళనొకళ్ళు చంపుకుంటారు. ఆ పైన టీ తాగి ఇళ్ళకి పోతారు. ఆట ఒక పూటలో అయిపోతుంది. ఆ సైన్యానికి రంగులు వెయ్యడానికి మాత్రం ఏళ్ళు పడుతుంది. అందుకే అక్కడ మనిషికి మర్యాద గెలిచినందువల్ల రాదు, కుంచె పనితనం వల్ల వస్తుంది.

ఆ మర్యాద అందరికంటే ఎక్కువ దక్కినవాడు హెడ్లీ స్క్రిమ్‌షా. దుకాణాలకి బోర్డులు రాసి బతికిన మనిషి, చెయ్యి వణకడమంటే ఎరగడు. ఇంగ్లండు అంతర్యుద్ధంలో చార్లెస్ రాజు పక్షాన పోరాడిన సైన్యం మొత్తాన్ని ఒక్కడే రంగులు వేసి నిలబెట్టాడు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆట చూసే నెపంతో వచ్చి, ఆట సంగతి మర్చిపోయి, హెడ్లీ బొమ్మల మీదికి వంగిపోయేవాళ్ళు. ఆంబ్రోస్‌కి కుంచె పట్టడం నేర్పింది అతనే. కోటుకీ బెల్టుకీ మధ్య వెంట్రుకంత సన్నగా నల్లగీత దించడం నేర్పిందీ అతనే. ఆ గీత ఉంటేనే బొమ్మకి ప్రాణం వస్తుందనేవాడు హెడ్లీ. అలా దించడం ఆ చుట్టుపక్కల వాళ్ళిద్దరికే చేతనయ్యేది.

తర్వాత హెడ్లీకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. "ఇక బొమ్మల్లేవు, గిమ్మల్లేవు, ఫుట్‌బాల్ చూసుకుంటా" అని అందరికీ చెప్పేశాడు. క్లబ్బుకి రావడం మానేశాడు. ఎవరైనా పలకరించడానికి వెళ్తే ముందుగదిలో కూర్చోబెట్టి టీ ఇప్పించి పంపేవాడు, వెనకాల రంగుల గది తలుపు మాత్రం మూసే ఉండేది. ఆంబ్రోస్‌కి అది ముల్లులా గుచ్చుకునేది. అంతకాలం ఆ గదిలో పక్కపక్కన కూర్చున్న మనిషిని కూడా గుమ్మం బయటే ఆపేస్తే ఎలా ఉంటుంది మరి. ఆ కినుక పూర్తిగా పోకముందే, చలికాలం చివర్లో హెడ్లీయే పోయాడు.

క్లబ్బులో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరైనా పోతే, అతను రంగు వెయ్యకుండా వదిలేసిన బొమ్మల్ని మిగతావాళ్ళు పంచుకుని పూర్తిచేస్తారు. అన్నీ పూర్తయ్యాక అతని సైన్యాన్నంతా ఒక్కసారి బల్ల మీదికి దింపి వీడ్కోలు ఆట ఆడతారు. దానికోసం పెట్టెలు తీసుకెళ్ళడానికి ఆంబ్రోస్ వచ్చినప్పుడు, హెడ్లీ భార్య ఏవిస్ గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

"గదిలో ఉన్నవన్నీ తీసుకున్నావా ఆంబ్రోస్? ఒక్కటీ మిగలకూడదు. అన్నీ బల్ల మీద కనపడాలి నాకు. ఆ బిస్కెట్ డబ్బాలోవి కూడా."

"దార్లో బిస్కెట్లు నేను తినేస్తేనో?"

"కొరికి చూడు, ఉన్న నాలుగు పళ్ళూ రాలతాయి," అంది ఏవిస్. హెడ్లీ పోయాక ఆవిడ మొహంలో నవ్వు చూడటం ఆంబ్రోస్‌కి అదే మొదలు. "ఇంటికెళ్ళాక నింపాదిగా కూర్చుని తియ్యి దాన్ని. చూశాక ఫోను చెయ్యి."

సరేనన్నాడు. ఇంటి వెనక షెడ్డులో దీపం కిందికి లాక్కుని కూర్చుని డబ్బా మూత తీశాడు. తీసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

గుర్రపు దళం. బొమ్మలు మేలైనవే, ఇప్పుడు దొరకని పాత అచ్చులు. వాటి మీద రంగే ఘోరం. నడికట్టు ఎర్రరంగు రౌతు నడుం దిగి గుర్రం డొక్క మీదికి పాకింది. మొహాలు ముద్దముద్దగా ఉన్నాయి. ఒకడికి రెండు కళ్ళూ ముక్కుకి ఒకే పక్కన ఉన్నాయి. రంగు మీద రంగు పేరుకుపోయి గుర్రాల కళ్ళేలు కనపడటం లేదు.

ఆంబ్రోస్‌కి ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. ఇలాంటి డబ్బా ఒకటి ఈ వ్యసనం ఉన్న ప్రతివాడి అటక మీదా ఉంటుంది. ప్రదర్శనల్లో పాత బొమ్మలు అమ్మే బల్ల దగ్గర, ఎవడో పాడుచేసిన మంచి బొమ్మలు కనపడితే చవగ్గా కొంటారు. ఇంటికి తెచ్చి, ద్రావకంలో నానేసి, ఆ రంగంతా ఊడదీసి, మళ్ళీ మొదటినుంచీ వేస్తారు. హెడ్లీ కూడా అలాగే కొని ఉంటాడు, ఊడదీసేలోపు చెయ్యి పడిపోయి ఉంటుంది. ఇందులో ఆలోచించడానికేముంది?

ఏవిస్ సంగతి తలుచుకుంటే మాత్రం జాలేసింది. పాపం, ఆవిడకి రంగుల గురించి ఏం తెలుసు. ఇవి కూడా బల్ల మీద పెట్టమంటోంది. ఈ అవతారంలో పెడితే, హెడ్లీ స్క్రిమ్‌షా సైన్యంలో ఇవా అని పదిమందీ అనుకోరూ? చచ్చిపోయినవాడి పరువు కాపాడాల్సింది స్నేహితుడు కాక ఇంకెవరు?

ముందు ఒక ఫోటో తీశాడు. ఊడదీసే ముందొకటి, కొత్త రంగు వేశాక ఒకటి తీసి పక్కపక్కన పెట్టి మురిసిపోవడం వీళ్ళకి మామూలే. దాన్ని క్లబ్బు వాళ్ళ ఫోను గ్రూపులో పెట్టి కింద రాశాడు: "హెడ్లీ బిస్కెట్ డబ్బాలో దొరికిన రత్నాలు. ఎవడో చీపురుతో వేశాడు. ఆ చీపురు కూడా అరువు తెచ్చుకున్నట్టున్నాడు."

క్లబ్బు కార్యదర్శి డెస్మండ్ ఊరుకుంటాడా. "మనిషి కాదురా వేసింది. గుర్రమే తోక ముంచి వేసుకుంది" అని రాశాడు. ఇంకొకడెవడో కళ్ళకి గంతలన్నాడు, మరొకడు తాగుడన్నాడు. ఆ సాయంత్రమంతా ఫోను మోగుతూనే ఉంది. ఆంబ్రోస్ ఒక్కడే షెడ్డులో కూర్చుని, పక్కింటి కుక్క మొరిగేంత గట్టిగా నవ్వాడు. హెడ్లీ పోయాక అంత హాయిగా నవ్వడం అదే మొదటిసారి.

బొమ్మల్ని పెద్ద సీసాలో వేసి ద్రావకం పోశాడు. ఒక రాత్రికి వదలలేదు. రంగు చాలా మందంగా ఉంది, పొర మీద పొర. ఇంకా నాననిచ్చి, పళ్ళు తోముకునే పాత బ్రష్షుతో ఒక్కొక్కదాన్నీ రుద్దాడు. ముక్కూ మూలా వదల్లేదు, సూదితో గీకి మరీ తీశాడు. ఊడిన రంగు నీళ్ళలో కలిసి మట్టిరంగుగా తిరిగి తూములోకి పోయింది. చివరికి ఒళ్ళంతా వెండిలా తళతళలాడే రౌతులు పాత తువ్వాలు మీద వరసగా పడుకున్నారు.

అప్పుడు మొదలుపెట్టాడు అసలు పని. హెడ్లీ నేర్పిన పద్ధతి ఒక్కటి తప్పలేదు. నల్లటి అడుగురంగు, మీద ముదురు, దాని మీద మధ్యరకం, ఎత్తుల మీద లేతది, ఆఖర్న ఆ సన్నటి నల్లగీత. ఊపిరి బిగబట్టి దించాడు. ఏవిస్‌కి ఫోను చెయ్యాలన్న మాట ఒకట్రెండుసార్లు గుర్తొచ్చింది. పూర్తయ్యాక ఒకేసారి చూపిద్దాం, ఆవిడ నోరెళ్ళబెట్టాలి అనుకున్నాడు. జన్మలో అంత బాగా వెయ్యలేదు ఆంబ్రోస్. హెడ్లీ చూసుంటే ఏదో ఒక వంక పెట్టి, ఆ తర్వాత మెల్లిగా మెచ్చుకునేవాడని, చివరి గుర్రం కంట్లో తెల్లచుక్క పెడుతూ కళ్ళు తడిచేసుకున్నాడు కూడా.

వీడ్కోలు ఆట రోజున హాలు నిండిపోయింది. డెస్మండ్ పొయ్యి మీద పెద్ద కెటిల్ ఎక్కించి, హ్యామ్ పెట్టిన గుండ్రటి రొట్టెలు పళ్ళెంలో పేర్చాడు. బల్ల ఒక కొస నుంచి ఇంకో కొస దాకా హెడ్లీ సైన్యమే. అన్నిటికంటే ముందు వరసలో, ఎవరి కంటికైనా మొదట పడేలా, ఆంబ్రోస్ తన గుర్రపు దళాన్ని నిలబెట్టాడు.

ఏవిస్ నిమ్మకాయ కేకు డబ్బాతో వచ్చింది. మంచి నీలం కోటు వేసుకుంది. అందరితో చేతులు కలిపి, కేకు డెస్మండ్‌కి అప్పగించి, బల్ల పొడుగునా నెమ్మదిగా నడిచింది. కొసకి వెళ్ళి వెనక్కి తిరిగి మళ్ళీ మొదటికి వచ్చింది. ఆవిడ చూపు బొమ్మల మీద ఆగకుండా ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి పోతోంది. దేనికోసమో వెతుకుతోందని ఆంబ్రోస్‌కి అర్థమై, లోలోపల మురిసిపోతూ దగ్గరికొచ్చాడు.

"ఫోను చేస్తావనుకున్నాను," అంది ఏవిస్. "చెయ్యలేదు. ఏడుస్తున్నావేమోలే, మాట్లాడలేకపోతున్నావేమోలే అనుకుని నేనూ చెయ్యలేదు."

"ఏడవడమెందుకు? పనిలో ఉన్నానమ్మా."

"బిస్కెట్ డబ్బాలోవి ఏవి ఆంబ్రోస్? ఎక్కడ పెట్టావు?"

"నీ ముక్కు కిందే ఉన్నాయి, చూడు."

ఏవిస్ వంగి చూసింది. ఒక రౌతుని తీసి అరచేతిలో పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి, మళ్ళీ బల్ల మీద పెట్టేసింది. "ఇవి కావు," అంది.

"అవే. ఒట్టు. అవి ఏ రూపంలో ఉండేవో నీకు తెలుసు కదా. ఆ చెత్తంతా ఊడదీసి, మళ్ళీ మొదటినుంచీ వేశా. మొత్తం హెడ్లీ పద్ధతే. ఎవడు పాడుచేశాడో గానీ, వాడి రంగు వదిలించడానికే నా చేతులు పడిపోయాయనుకో."

ఏవిస్ అతని మొహంలోకి చూసింది. ఆవిడకి అర్థం కాలేదని ఆంబ్రోస్ అనుకున్నాడు. ఇంకాస్త వివరంగా చెప్పబోయాడు.

"ఊడదీశావా?" అంది ఆవిడ. "అంటే, ఎక్కడైనా ఉందా ఆ రంగు?"

"ఎక్కడుంటుంది? తూములో పోయింది."

"అవి ఆయన వేసినవి."

ఆంబ్రోస్ నవ్వాడు. అతన్ని తప్పుపట్టడానికి లేదు, నిజంగానే నవ్వొచ్చింది. "కాదమ్మా. హెడ్లీ వెయ్యడమేంటి. వాడి చెయ్యి నాకు తెలీదా. చీకట్లో తడిమి కూడా చెప్తా వాడి పనేదో. అవి ఎవరి దగ్గరో కొన్నవి."

"ఎడంచేత్తో వేశాడు," అంది ఏవిస్.

ఆవిడ గొంతు పెంచలేదు గానీ, హాల్లో ఆ మాట వినపడనివాళ్ళు లేరు.

"పడిపోయిన చెయ్యి ఇక లేవదని డాక్టరు చెప్పిన రోజునే మొదలుపెట్టాడు. బొమ్మని సీసా బిరడాకి అంటించి నేను పట్టుకునేదాన్ని. మోచెయ్యి దిండు మీద ఆనించుకుని ఆయన వేసేవాడు. ఒక్క కోటుకి పొద్దున్నించి భోజనాల దాకా పట్టేది. సాయంత్రానికి నచ్చక దాని మీదే మళ్ళీ వేసేవాడు. ఓసారి కుంచె గోడకేసి కొట్టాడు. నాలుగు రోజులు ఆ గది వైపు వెళ్ళలేదు. మళ్ళీ తనే వెళ్ళి కూర్చున్నాడు. ఆఖరి గుర్రం రంగు ఆరకముందే ఆసుపత్రికి తీసుకెళ్ళాం."

ఆంబ్రోస్ తను నిలబెట్టిన దళం వైపు చూశాడు. పొర మీద పొర. అంత మందం ఎందుకుందో ఇప్పుడు తెలిసింది. సూదితో గీకి మరీ తీశాడు తను.

"బతికుండగా ఎవరికీ చూపించొద్దన్నాడు," అంది ఏవిస్. "నా వీడ్కోలు ఆటలో ముందు వరసలో పెట్టించు, అప్పుడు నవ్వుకుంటే నవ్వుకోనీ, నేను అక్కడుండను కదా అన్నాడు. ఆయన అడిగిందల్లా అదొక్కటే."

డెస్మండ్‌కి మౌనం సరిపడదు, ఏదో ఒకటి చెయ్యకపోతే ఊపిరాడదు. "ఫోటో ఉంది కదా," అన్నాడు గబుక్కున. "రంగు తియ్యకముందు తీసిన ఫోటో ఉందమ్మా, ఆంబ్రోస్ గ్రూపులో పెట్టాడు." అనేశాక గానీ, ఆ ఫోటో కింద ఏమేం ఉన్నాయో గుర్తురాలేదు.

"ఉందా?" అంది ఏవిస్. వచ్చినప్పటినుంచీ అణచుకున్న ఏడుపు ఆ ఒక్క మాటలో బయటపడింది. "చూపించు."

"తర్వాత... నేను విడిగా పంపిస్తా ఏవిస్, ఇంటికి పంపిస్తా," అన్నాడు ఆంబ్రోస్.

"ఇప్పుడు చూపించు."

ఫోను తీసి ఇచ్చాడు. ఏవిస్ కళ్ళజోడు పెట్టుకుంది. ముందు ఫోటో చూసింది. తర్వాత వేలితో పైకి జరిపి, కింద ఉన్నవన్నీ చదివింది. చీపురు, అరువు చీపురు, గుర్రం తోక, గంతలు, తాగుడు. వాటి పక్కన పడీ పడీ నవ్వుతున్న పసుపుపచ్చ మొహాలు. ఆవిడ ఒక్కటీ వదలకుండా చదువుతుంటే, రాసినవాళ్ళంతా కాళ్ళు పాతేసినట్టు అక్కడే నిలబడ్డారు.

"గుర్రం తోకట," అంది చివరికి. "బాగుంది డెస్మండ్. ఆయన వింటే నవ్వేవాడు. నవ్వి, లోపలికెళ్ళి తలుపేసుకునేవాడు."

డెస్మండ్ వంటగది వైపు వెళ్ళిపోయాడు.

ఏవిస్ ఫోటోని పెద్దది చేసి ఆంబ్రోస్ వైపు తిప్పింది. "ఇదిగో, ఈ బాకా ఊదేవాడు. వీడి కళ్ళు మూడుసార్లు వేశాడు. మూడోసారీ పక్కకే పోయాయి. వీడికి మెల్లకన్ను ఉందని చరిత్రలో రాసుంది, నీకు తెలీదులే అన్నాడు నాతో."

ఆంబ్రోస్ చూశాడు. చూడకుండా ఉండగలిగితే బాగుండేది. కోటుకీ బెల్టుకీ మధ్య నల్లగీత ఉంది. వంకరపోయి, మధ్యలో తెగి, ఒకచోట లావెక్కి, ఇంకోచోట కోటు మీదికి జారిపోయి ఉంది. పక్కన రౌతుకీ ఉంది. వేలితో జరుపుతూ పోయాడు. అందరికీ ఉంది. చెయ్యి సహకరించని మనిషి, ఎవరూ పట్టించుకోని ఆ గీతని ప్రతి బొమ్మకీ పట్టుబట్టి దించాడు. ఇది వెయ్యడం తెలిసినవాళ్ళు ఈ చుట్టుపక్కల ఇద్దరే ఉండేవాళ్ళు. అది షెడ్డులో దీపం కింద, చేతిలో పట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుని చూసినా తనకి కనపడలేదు. నవ్వే పనిలో ఉండి చూడలేదు.

సిగ్గుతో ఒళ్ళంతా కాలిపోయింది ఆంబ్రోస్‌కి. ఆ మంట తట్టుకోలేక, ఎవరో ఒకరి మీదికి కొంచెమైనా తోసెయ్యాలనిపించింది. మనిషి అలాంటివాడే, ఎంత మంచివాడైనా.

"ఒక్క మాట చెప్పుంటే పోయేది కదా ఏవిస్," అన్నాడు. "ఆ రోజు గుమ్మంలో ఒక్క మాట. పోనీ డబ్బా మీద పేరైనా రాసి ఉంటే. నాకెలా తెలుస్తుంది చెప్పు?"

ఏవిస్ ఫోను ఆపి అతని చేతికిచ్చింది.

"పేరు రాస్తానన్నాను. వద్దన్నాడు. ముందుగా చెప్పనియ్యనూ లేదు. ఊళ్ళో ఎవ్వడూ గుర్తుపట్టకపోయినా ఫరవాలేదు, మూత తియ్యగానే ఆంబ్రోస్ నా చెయ్యేనని చెప్పేస్తాడు, నువ్వు చూస్తూ ఉండు అన్నాడు. ఆసుపత్రిలో కూడా అదే మాట అన్నాడు."

ఆవిడ గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే ఆంబ్రోస్‌కి ఎంతో మేలుగా ఉండేది.